మంచం ఎత్తు జీపు

అందరూ సూర్యుడికి దోసిలితో నీళ్లు వదులుతారు. మా శివన్న ట్యాంకరుతో వదులుతాడు. సోలారు పార్కులో పలకలకు పట్టిన దుమ్మును కడిగే ట్రాక్టరు తోలడం ఆయన పని. ఒకప్పుడు మేమందరం వేరుశనగ విత్తి, వాన కోసం మెడ పట్టుకుపోయేదాకా ఆకాశం చూసిన నేల అది. ఆయన సొంత చేను కూడా ఇప్పుడు ఆ పలకల కిందే ఉంది. పొద్దున తొలి ఎండ తగలగానే పలకలన్నీ ఒక్కసారిగా వెలుగుతాయి. గుట్ట మీద నిలబడి చూస్తే కనుచూపు మేర నిండు చెరువు. కొంగలు కూడా మోసపోయి కిందికి దిగి, తెలుసుకొని మళ్లీ లేస్తాయి. ఏండ్ల తరబడి చూస్తున్నా శివన్న ఇంజను ఆపి, చెప్పులు విడిచి, చేతులు జోడించిన తరువాతే పైపు పట్టుకుంటాడు. మన వేరుశనగను మాడ్చిన ఎండే ఎక్కడో ఎవరి ఇంట్లోనో బిడ్డకు ఫ్యాను తిప్పుతోందంటే అది దేవుని లీల కాక ఇంకేమిటని నాతో అంటూ ఉంటాడు. శనివారం భజనలో మేమిద్దరం పక్కపక్కనే కూర్చుంటాం. తాళం ఆయనది, గొంతు నాది.

అటువంటి మనిషి ఒకనాడు కొండలెక్కే జీపు, అదీ పాతది, కొనాలని బయలుదేరాడు. ఊరు నవ్వింది. ఆ జీపు దేనికో చెప్పాలంటే ముందు దొడ్డన్న సంగతి చెప్పాలి.

దొడ్డన్న శివన్నకు పెదనాన్న కొడుకు. గొర్రెలు కాసినవాడు. నాగలమడిక దగ్గర పినాకిని ఏట్లో ఏ మలుపులో నీడ ఉంటుందో, ఏ గట్టు కింద ముంగిసలు పిల్లల్ని పెడతాయో ఆయనకు తెలుసు. నెలల తరబడి ఇంటికి రాకుండా ఇసుకలోనే పడుకొనేవాడు. ఒక ఎండాకాలం గొర్రెలకు రొట్ట కొడుతూ చెట్టు మీదినుంచి పడ్డాడు. ప్రాణం నిలిచింది. నడుము కింద స్పర్శ పోయింది. గొర్రెలు అమ్మేశారు. అప్పటినుంచి వసారాలో మంచం, దాని పక్కన భార్య ముత్తక్క, నోట్లో మాత్రం పాత దొడ్డన్నే. దారిన పోయే ఎవరినీ వదలడు. నా భజన గొంతు విని, ఏట్లో తోడేలుకు కూడా ఇంత బాధ లేదని ఒకసారి కబురు పంపాడు.

సర్కారువాళ్లు ఇచ్చిన చక్రాల కుర్చీ ఉంది. అది సిమెంటు రోడ్డు ఉన్నంతవరకే. రోడ్డు దిగి ఏటి దారి పట్టగానే చక్రాలు కూరుకుపోతాయి. ఆటోలో ఎక్కించుకొని పోతే అదీ గట్టు దగ్గరే నిలబడిపోయింది. అక్కడినుంచి నలుగురం మోసుకొని పోతామన్నాం. దొడ్డన్న ఒప్పుకోలేదు.

“నన్ను నలుగురు మోసే దినం ఒకటి ఎట్లాగూ ఉండాది. ముందుగానే మోసి అలవాటు చేసుకోవాల్నా మీరు?” అన్నాడు.

ఆ మాట తరువాత ఎవరూ చెయ్యి వేయలేదు.

అటు తరువాత వచ్చిన చలికాలంలో ఆయన మాట తగ్గింది. ఒకరోజు మంచాన్ని గోడ దిక్కుకు తిప్పమని ముత్తక్కను అడిగాడట. వీధి చూడబుద్ధి కావడం లేదన్నాడట. ముత్తక్క ఈ సంగతి చెబుతూ ఏడవలేదు, చెంగుతో మంచం కోడు తుడుస్తూ నిలబడింది. తిట్టు లేని ఆ ఇల్లు చూసి శివన్నకు భయం వేసింది. అన్నను మళ్లీ ఏటి ఇసుకలో కూర్చోబెట్టకపోతే ఈ మనిషి గోడను చూస్తూనే వెళ్లిపోతాడని ఆయనకు తోచింది. అప్పుడు దేవుడు దారి చూపించాడని శివన్న నమ్మకం. నాదీ అదే.

శని, ఆదివారాల్లో బెంగళూరు నుంచి కొందరు వచ్చి పార్కు పక్క గుట్ట మీద గుడారాలు వేసుకుంటారు. వాళ్లలో యోగీశ్ అని కంప్యూటరు పని చేసే ఆయన, ఆయన భార్య. ఒకసారి వాళ్ల నీళ్ల క్యాను దొర్లిపోతే శివన్న అడగకుండానే తన తాగునీళ్లు ఇచ్చి వచ్చాడు. వాళ్లు అది మరవలేదు. ఎప్పుడు వచ్చినా శివన్నకు టీ ఉంచేవారు. వాళ్ల జీపు రాళ్ల మీద మేకలా ఎక్కడం చూసి శివన్న అబ్బురపడి, ఇది ఇసుకలో కూడా పోతుందా అని అడిగాడు. యోగీశ్ ఫోను తీసి, రాజస్థాన్ ఎడారిలో ఇదే జీపు తిరిగిన వీడియో చూపించాడు. నాలుగు చక్రాలకూ బలం అందే బండి కావాలని, మామూలు గేరు కడ్డీ పక్కన పొట్టి కడ్డీ ఇంకొకటి ఉంటుందని, పాతది కొనేటప్పుడు పైరంగు కాదు, కింద పడుకొని తుప్పు చూడాలని ఓపికగా చెప్పాడు. ఇసుకలో దిగే ముందు టైర్లలో గాలి సగానికి తగ్గించుకోవాలని కూడా చెప్పాడు. అప్పుడు టైరు ఒంటె పాదంలా పరుచుకుంటుందట.

ఆ వీడియో తెచ్చి శివన్న అన్నకు చూపించాడు. దొడ్డన్న గోడ వైపునుంచి మెల్లగా మెడ తిప్పాడు. ఇసుక కొండలు, వాటి మీద గాలి గీసిన గీతలు. ఎక్కడా చెట్టు లేదు, ఇల్లు లేదు. చాలాసేపు రెప్ప వేయకుండా చూశాడు.

“ఇంత ఇసుక ఉండాది. తోలకపోయేదానికి ఒక్క ట్రాక్టరూ లేదే” అన్నాడు.

చాలా దినాల తరువాత ఆయన అన్న పూర్తి మాట అదే. ముత్తక్క వంటింట్లోకి పోయి దీపం పెట్టింది.

ఇక శివన్న ఆలస్యం చేయలేదు. వెళ్లే ముందు గొర్రెలు కట్టే పాత తాడు ఒకటి తీసుకొని, దొడ్డన్న మంచం ఎత్తు కొలిచి ముడి వేశాడు. ఆయన ఆలోచన ఇది. దొడ్డన్నకు కాళ్లు పనిచేయవు గాని చేతులు ఇనుప కడ్డీలు. మంచం ఎత్తూ బండి వెనక తలుపు ఎత్తూ ఒకటే అయితే తన చేతుల మీద తానే జరిగి ఎక్కుతాడు. ఒక్కరు మోయనక్కర లేదు.

మొదట తుమకూరు పోయాడు. పాత బండ్లు అమ్మే ఒక ఆవరణ. అక్కడందరూ కన్నడం. ఇసుకను కన్నడంలో మరళు అంటారు. శివన్న తనకు వచ్చిన కన్నడంలో “మరళు గాడి బేకు” అన్నాడు. ఇసుకలో పోయే బండి కావాలని ఆయన ఉద్దేశం. మా జిల్లాలో ఆ మాటకు అర్థం వేరు. ఏట్లో ఇసుకను దొంగతనంగా తోలుకుపోయే బండిని మరళు గాడి అంటారు. అమ్మేవాడు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, శివన్న భుజం మీద చెయ్యి వేసి వెనక షెడ్డుకు తీసుకుపోయాడు. అక్కడ నంబరు చెరిపేసిన టిప్పరు ఒకటి ఉంది. దీనికి హారను కూడా తీసేశాము, చప్పుడే ఉండదు అన్నాడట. శివన్న ఆ టిప్పరు వెనక తన తాడు పెట్టి చూసి, ఎత్తు చాలా ఎక్కువ, మా అన్న ఎక్కలేడు అన్నాడు. ఇసుక బండిలోకి అన్న ఎందుకు ఎక్కాలని అమ్మేవాడు, అన్న ఎక్కకపోతే బండి ఎందుకని శివన్న. ఇద్దరికీ విషయం అర్థమయ్యేసరికి అక్కడి మెకానిక్కులు నవ్వు ఆపుకోలేక రెంచీలు కింద పెట్టారట.

నవ్వి ఊరుకోలేదు వాళ్లు, మంచివాళ్లు. ఉన్న జీపులన్నీ చూపించారు. ఒకటి మిలమిల మెరిసే ఎర్ర జీపు, చక్రాలు శివన్న నడుము దాకా ఉన్నాయి. ముడి దాని తలుపుకు మోకాలంత కింద నిలిచింది. ఇంకొకటి ఎత్తు సరిపోయింది గాని నాలుగు చక్రాల బలం లేదు, రోడ్డు మీద షోకుకే. శివన్న దండం పెట్టి వచ్చేశాడు. అదే సమయానికి తన స్కూటరు అమ్మడానికి వచ్చిన మా నాగలమడికవాడు ఒకాయన దూరంగా నిలబడి, శివన్న టిప్పరు కొలవడం చూశాడు. చెడ్డ మనిషి కాదు. చూసింది చూసినట్టు సాయంత్రం బస్సులో చెప్పాడంతే. బస్సు దిగేసరికి శివన్న ఇసుక వ్యాపారంలో దిగాడని ఊరంతా తెలిసింది. శివన్నకు తప్ప.

ఇంకో జీపు మంగళవాడలో ఉందని యోగీశ్ ఫోనులో వెతికి చెప్పాడు. హనుమప్ప అనే ముసలాయనది. చూపు మందగించి తోలడం మానేసినా, రోజూ గుడ్డతో తుడిచి, ముందు అద్దానికి బొట్టు పెడతాడట. పచ్చరంగు వెలిసిపోయి ఎండిన తమలపాకులా ఉంది. శివన్న చొక్కా విప్పి కింద పడుకొని చూశాడు. తుప్పు లేదు. పొట్టి కడ్డీ ఉంది. దాన్ని లాగగానే కింద ఎక్కడో పెద్ద తాళం పడినట్టు చప్పుడైంది. రెండో గేరు కొంచెం మొండిదనీ, బతిమాలితే వింటుందనీ హనుమప్ప ముందే చెప్పాడు.

శివన్న వెనక తలుపు దగ్గర తాడు తీయగానే ముసలాయన మొహం మారింది.

“దీంట్లో ఏమి తోలతావప్పా? ఇసుక తోలేవానికి నేను ఇయ్యను. ఏటికి నేను మొక్కినవాణ్ణి.”

“ఇసుకను తెచ్చేదానికి కాదు తాతా. ఇసుక దగ్గరికి మనిషిని తీసకపోయేదానికి” అన్నాడు శివన్న.

అంతా విన్నాక హనుమప్ప లోపలికి పోయి మజ్జిగ తెచ్చి ఇచ్చాడు. కాని తాడు ముడి ఆ జీపుకూ అందలేదు. జానెడు తక్కువ. అన్నీ సరిపోయిన బండి ఒక్క జానెడు దగ్గర తప్పిపోయింది. శివన్న దిగులుగా ఇంటికి వచ్చి వసారాలో కూలబడి సంగతి చెప్పాడు. జీపు ఎత్తు తగ్గదు, మనిషి పైకి ఎగరలేడు, స్వామి ఇష్టం లేదేమో అన్నాడు.

ముత్తక్క రాగులు చెరుగుతూ విన్నది. చాట ఆపకుండానే అడిగింది.

“బండిని నరికేదానికి కాదు సరే. మంచం కోళ్ల కింద రాళ్లు పెట్టేదానికేమి?”

ఇన్నాళ్లూ శివన్న బండ్లన్నిటినీ మంచంతో కొలిచాడు గాని, మంచం పెరగగలదని తట్టలేదు. దొడ్డన్నే మొదట నవ్వాడు. రాళ్ల మీదినుంచి పడితే మళ్లీ విరిగేదానికి తనకు నడుము లేదు కాబట్టి భయం లేదన్నాడు. ఆ సాయంత్రమే వీధిలోవాళ్లు నాలుగు చదును రాళ్లు ఏరి తెచ్చారు. ఎవరు తెచ్చారో, ఎవరు పెట్టారో గుర్తు లేనంత మంది చేతులు వేశారు.

జీపు తేవడానికి మంగళవాడకు శివన్నతో నేనూ పోయాను. వెనక భాగంలో పైకప్పుకు కొత్త ఇనుప కడ్డీ ఒకటి వెల్డింగు చేసి ఉంది. మొన్న లేదే అని శివన్న అడిగితే, పట్టుకొని జరిగేదానికి బాగుంటుందని హనుమప్ప ఎటో చూస్తూ అన్నాడు. బండి కదిలిన తరువాత కూడా ఆయన చప్పుడు వినబడే దిక్కుకు మొహం పెట్టి నిలబడే ఉన్నాడు. రెండో గేరును శివన్న “తల్లీ” అన్నాడు. అది విన్నది.

ఆదివారం తెల్లవారుజామున జీపును వెనక్కి పెట్టి వసారాకు ఆనించారు. దొడ్డన్న కడ్డీ పట్టుకున్నాడు. మొదటిసారి సగం జరిగి ఆగిపోయాడు. ముత్తక్క చెయ్యి చాచబోయి, వెనక్కి తీసుకొని, గుంజ పట్టుకొని నిలబడింది. ఆ ఓర్పు చూసినప్పుడు నాకు గుడిలో నిలబడినట్టే అనిపించింది. రెండోసారి ఆయన పళ్లు బిగించి, తన పెళ్లి చేసిన పురోహితుణ్ణి కూడా తిట్టి, ఒక్క ఊపున లోపలికి జరిగి, జీపులో పరిచిన పరుపు మీద పడ్డాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చలి గాలి తగలకుండా వెనక టార్పాలిను దించి కట్టాం. ముత్తక్క ఆయన పక్కన, నేను ముందు సీటులో.

ఏటి గట్టు దగ్గరికి పోయేసరికి దారికి అడ్డంగా ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. మా ఊళ్లో ఇసుక పోయి బావులు ఎండినప్పటినుంచి ఏటిని కాపలా కాస్తున్నది వాళ్లే. ముందు రామలక్ష్మమ్మ. చేతిలో చీపురుకట్ట తప్ప ఏమీ లేదు గాని, ఆమె ముందు లారీలే వెనక్కి తిరిగాయి. శివన్న జీపు ఆపి దిగాడు. భజనలో తాళం కొట్టే చేతులు ఇసుకకు ఎట్లా వచ్చినాయని ఆమె అడిగింది. గట్టిగా కూడా అడగలేదు. శివన్నకు ఆమె దేని గురించి అంటున్నదో తెలియక నా మొహం చూశాడు.

“టార్పాలిను తియ్యప్పా. పారలు చూస్తాం” అన్నది రామలక్ష్మమ్మ.

లోపలినుంచి దొడ్డన్న గొంతు వచ్చింది.

“ఇసుక కాదక్కా, ఈడ ఉండేది మన్ను. ఇంకా మంట్లో కలవలేదు, అంతే.”

రామలక్ష్మమ్మ గొంతు గుర్తుపట్టింది. తానే వచ్చి టార్పాలిను ఎత్తింది. కడ్డీ పట్టుకొని కూర్చున్న దొడ్డన్నను చూసింది. ఆ తరువాత చీపురుకట్టను పక్కన పారేసి, దారిలో ఉన్న రాళ్లు తీయడం మొదలుపెట్టింది. మిగతావాళ్లూ వంగారు. ఎవరూ క్షమాపణ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

గట్టు దిగగానే జీపు కూరుకుపోయింది. శివన్న పొట్టి కడ్డీ లాగాడు. చక్రాలు నాలుగూ తిరిగాయి గాని లోతుకే పోయాయి. అప్పుడు యోగీశ్ మాట గుర్తొచ్చి, దిగి టైర్లలో గాలి వదలడం మొదలుపెట్టాడు. బండి ఎక్కిన తొలిరోజే గాలి తీసేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నానని దొడ్డన్న లోపలినుంచి అన్నాడు. టైర్లు మెత్తబడి పరుచుకున్నాయి. ఆడవాళ్లు వెనకనుంచి భుజాలు పెట్టారు. జీపు గొర్రెపిల్లలా ఒకసారి వణికి, కదిలింది. ఇక ఆగలేదు.

ఏటి నడుమ ఆపి టార్పాలిను పూర్తిగా ఎత్తేసరికి పొద్దు పొడిచింది.

నేను పుట్టింది ఆ ఏటి పక్కనే. కాని ఆ పొద్దు నాకు తొలి పొద్దులాగే ఉంది. ఇసుక మొత్తం పసుపు రాసినట్టు అయింది. రాత్రి గాలి గీసిన గీతల మీద పిట్టల అడుగులు. దూరంగా గట్టు మీద కృష్ణజింకలు నిలబడి, మా వైపు చూసి, పరుగెత్తకుండా మేతకు వంగాయి. ఇంకా దూరంగా సోలారు పలకలు వెలుగు పట్టుకున్నాయి. ఒకవైపు నీళ్లు లేని ఏరు, ఇంకొకవైపు నీళ్లలా మెరిసే నేల. ఈ నడుమ మనల్ని ఇంత చిన్నగా చేసి, ఇంత ప్రేమగా నిలబెట్టిన ఆ స్వామిని ఏమని పిలవాలో నాకు తెలియలేదు. భజన పాడమని ఎవరో అన్నారు. నేను చేతులు జోడించాను.

దొడ్డన్న ఎవరినీ అడగలేదు. జీపు వెనకనుంచి మెల్లగా జారి ఇసుకలోకి దిగాడు. ఇసుక ఆయన్ను పట్టుకుంది. అరచేతులు ఆనించి కాసేపు కళ్లు మూసుకున్నాడు. తరువాత చేతుల మీద జరుగుతూ, ఒకచోట ఆగి, ఇంకొకచోటికి పోయి, అక్కడ తవ్వడం మొదలుపెట్టాడు. వట్టి చేతులతో. పై ఇసుక పొడిగా జారింది, కింది ఇసుక చల్లగా నల్లబడింది. మోచేతుల దాకా పోయింది గుంట. శివన్న సాయం పట్టబోతే తన గుంటలో చెయ్యి పెట్టద్దని కసిరాడు.

ఉన్నట్టుండి గుంట అడుగున ఇసుక మెరిసింది. ఒక పక్కనుంచి కన్నీళ్లలా సన్నగా ఊట వచ్చి, అడుగున చేరి, గుంట కొంచెం కొంచెంగా నిండింది. ఎండిపోయిన ఏరని మేమందరం అనుకున్నది అక్కడ కిందే ఉంది. ముత్తక్క రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. రామలక్ష్మమ్మ గంగమ్మ తల్లీ అని మోకాళ్ల మీద కూర్చొని దోసిలి చాచింది.

“ఉండక్కా, తొందర పడద్దు” అన్నాడు దొడ్డన్న. “మొదటి నీళ్లు బురద. తోడి పారేసి, తేటబడేదాకా ఉండాల. అందరూ కూర్చోండి. రేయ్ శివా, నీ బండి నీడ ఈ పక్కకు తిప్పు, చెలమ మీద ఎండ పడతా ఉండాది.”

శివన్న పరుగున పోయి జీపు ఎక్కాడు. మేమందరం ఆ చెలమ చుట్టూ కూర్చొని, నీళ్లు తేటబడేదాకా కాచుకున్నాం.